మాస్టారి సైకిలుకు నేను పెట్టిన మెరుపు

2006వ సంవత్సరం, కార్తీకమాసం. రావులపాలెంలో అరటి మార్కెట్టుకు వెళ్ళే దారిలో నా సైకిలు షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, ముందు గాలి పంపు, లోపల గోడకు వేలాడే చక్రాలు, పంక్చరు చూసే నీళ్ళ పళ్ళెం, అంతే. కానీ సూరిబాబు అంటే చుట్టుపక్కల గోదావరి లంకల్లో అరటి గెలలు మోసే ప్రతి మనిషికీ తెలుసు. సైకిలుకు అటు రెండు, ఇటు రెండు, వెనక క్యారియరు మీద మరికొన్ని గెలలు కట్టుకుని గట్టెక్కి వచ్చే బళ్ళవి. ఆ బరువుకు మామూలు చక్రం వారం తిరక్కుండానే వంకరపోతుంది. నేను స్పోకులు బిగించిన చక్రం ఏడాదైనా వంకరపోదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను. ఎందుకంటే ఈ కథలో నా గొప్పకు మిగిలేది ఆ ఒక్క వాక్యమే.

ఒకరోజు పొద్దున్నే శేషగిరి మాస్టారు రిక్షాలో ఒక పొడుగాటి అట్టపెట్టె వేసుకుని వచ్చారు. ఆయన మా ఊళ్ళో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆయనది అమలాపురం దగ్గర పల్లెటూరు. ముప్పై మూడేళ్ళుంటాయి. నుదుటిన విభూతి, ఇస్త్రీ చెదరని చొక్కా, గట్టిగా మాట్లాడితే ఎవరికైనా నొప్పి కలుగుతుందేమో అన్నట్టుండే గొంతు. అప్పటిదాకా నా షాపుకు ఆయన గాలి కొట్టించుకోవడానికి కూడా రాలేదు.

పెట్టె విప్పితే లోపల వెండిరంగు అల్యూమినియం ఫ్రేమ్. చేత్తో ఎత్తాను. మా ఇంట్లో ఇత్తడి బిందె అంతకన్నా బరువుంటుంది. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను.

"మాస్టారూ, మోసపోయారండి. దీనికి సీటు పెట్టే చోటే లేదు."

"ఉండదండి సూరిబాబు గారూ. దీని మీద కూర్చోవడం ఉండదు. మొత్తం నించునే తొక్కాలి."

"నించుని ఎంత దూరం వెళ్తారండీ?"

"దూరం వెళ్ళడానిక్కాదండి. రాళ్ళెక్కడానికి."

నాకు నవ్వాగలేదు. ఆయన ఏమీ అనుకోలేదు, తనూ నవ్వారు. ఆ మాటకు అందరూ నవ్వుతారని ఆయనకు అలవాటైపోయినట్టుంది. ఓపిగ్గా స్టూలు మీద కూర్చుని చెప్పారు. పూణేలో చదువుకునే రోజుల్లో హాస్టల్ స్నేహితులతో కలిసి నేర్చుకున్న ఆట అట అది. పేరు ట్రయల్స్. వేగంతో పని లేదు. రాళ్ళు, దుంగలు, గుంటలు ఉన్నచోట ఒక దారి గీస్తారు. కాలు కింద ఆనకుండా, సైకిలు మీద నించునే, గెంతుకుంటూ దాన్ని దాటాలి. కాలు ఆనించిన ప్రతిసారీ ఒక తప్పు రాస్తారు. తక్కువ తప్పులు ఎవరివైతే వాళ్ళే గెలిచినట్టు.

మాస్టారు అప్పటిదాకా తొక్కిన సైకిలు ఫ్రేమ్, హేండిలు కిందుండే అతుకు దగ్గర చీలిపోయింది. ఆ సంగతి తెలిసి, ఆ పూణే స్నేహితుల్లో ఒకాయన ఈ కొత్త ఫ్రేమ్ పంపించారు. మూడు వారాల్లో అక్కడ పోటీ ఉందనీ, పేరు కూడా తానే రాయించేశాననీ ఉత్తరం పెట్టారు.

"ఇన్నేళ్ళూ గట్టు మీద ఒక్కణ్ణే గెంతానండి. పోటీకి ఒక్కసారీ వెళ్ళలేదు. పెళ్ళి, ఉద్యోగం, పిల్ల... ఏదో ఒకటి. ఈసారి మా కరెస్పాండెంటుగార్ని అడిగి నాలుగు రోజులు సెలవు కూడా తీసుకున్నాను. ఎందుకని అడిగితే నిజమే చెప్పాను. స్టాఫ్ రూమంతా ఒకటే నవ్వులు. ఇంక వెళ్ళకపోతే బాగోదు."

"ఈ వయసులో ఈ గెంతులేంటండీ?" అన్నాను. నా నోరు అంత మంచిది.

"రోజంతా పిల్లల చేత తప్పులు దిద్దిస్తానండి. దీని మీదున్నంతసేపూ నా తప్పు నాకు అప్పటికప్పుడే తెలిసిపోతుంది. అది నాకిష్టం," అన్నారు.

పని ఏంటంటే పాత సైకిలు నుంచి చక్రాలు, బ్రేకులు, పెడళ్ళు ఊడదీసి కొత్త ఫ్రేమ్‌కు ఎక్కించాలి. చూసి నేను చేసిన మొదటి పని దారం కట్టడం. వెనక చక్రం కూర్చునే చోటు నుంచి దారం లాగి, ముందు హేండిలు గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక్కి రెండోవైపు తెస్తాం. మధ్య గొట్టానికి ఆ దారం రెండువైపులా సమానమైన దూరంలో ఉంటే ఫ్రేమ్ తిన్నగా ఉన్నట్టు. మామూలు కంపెనీ సైకిళ్ళలో కొత్తవాటికి కూడా కాస్తో కూస్తో తేడా ఉంటుంది. దీనికి వెంట్రుకవాసి తేడా లేదు. అతుకుల దగ్గర వెల్డింగు చూస్తే, సన్నటి అలలు వరసగా పేర్చినట్టుంది. ఎవడు చేశాడోగానీ వాడి చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. అప్పటిదాకా నవ్వులాటగా ఉన్నది పోయి, ఈ బండి నా చేతుల మీదుగా తయారవ్వాలన్న పంతం పట్టుకుంది.

హెడ్‌సెట్ అంటే హేండిలు తిరిగేచోట పైనా కిందా ఉండే బేరింగు గిన్నెలు. వాటిని ఫ్రేమ్‌లోకి ఒత్తడానికి సిటీల్లో ప్రెస్ ఉంటుందట. నేను పొడుగాటి బోల్టు, రెండు నట్లు, టేకు చెక్కముక్కలు పెట్టి, పావు తిప్పు చొప్పున బిగించుకుంటూ గిన్నెలు దించాను. "క్లుప్" మని కూర్చున్నాయి. మాస్టారు రోజూ బడి వదిలాక వచ్చి పక్కన నించునేవారు. హేండిలు ఎంత ముందుకు వంగాలో, బ్రేకు పిడి ఏ వాలులో ఉండాలో, ఫ్రేమ్ మీద నించుని చూసుకుని చెప్పేవారు. ఒక్క వేలుతో పట్టుకోవాలట బ్రేకు. మిగతా వేళ్ళు హేండిలు వదలకూడదు.

"గాలి సగం తీసెయ్యండి," అన్నారొక రోజు.

"ఎవరైనా గాలి కొట్టమని వస్తారుగానీ, తియ్యమని వస్తారేంటండి బాబూ!"

"టైరు మెత్తగా ఉంటే రాయిని పట్టుకుంటుందండి. గట్టిగా ఉంటే బంతిలా ఎగిరిపోద్ది."

తీసేశాను. గెలల సైకిళ్ళకు రాయిలా గాలి కొట్టిన చేతులివి. బొటనవేలు దిగబడే టైరును చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. అయినా ఆయన చెప్పిన ప్రతి మాటా విన్నాను. గొలుసు బిగువు ఆయన చెప్పినట్టే పెట్టాను. నూనె గొట్టంతో పనిచేసే ఆ బ్రేకుల్లోంచి గాలి బుడగలు తీయడానికి మందుల షాపులో సిరంజి కొనుక్కొచ్చి మరీ ఎక్కించాను. ఆయన చెప్పని దగ్గరే నా చెయ్యి ఊరుకోలేదు.

శనివారం పొద్దున బండి పూర్తయింది. సాయంత్రం మాస్టారు వచ్చి తీసుకెళ్ళాలి. మరోసారి తుడుద్దామని చూస్తే రిమ్ముల మీద దృష్టి పడింది. రెండు చక్రాల రిమ్ములకూ పక్కలంతా గీతలు. ఒకటీ రెండూ కాదు, చుట్టూ, దగ్గరదగ్గరగా, ఏటవాలుగా కోసినట్టు. ఇన్నేళ్ళూ రాళ్ళ మీద రాపాడి పాడైపోయాయి పాపం అనుకున్నాను. పైగా ఆ గీతల వల్లే ఆ బండి బ్రేకు వేస్తే పంది అరిచినట్టు అరిచేది. ఇంత అందమైన ఫ్రేమ్‌కు ఈ గరుకు రిమ్ములా? నా షాపులోంచి బండి ఇలా బయటికెళ్తే నా పరువేం కావాలి?

చక్రాలు రెండూ ఊడదీశాను. సన్న ఆకురాయితో గీతల మొనలు దించాను. తర్వాత ఎమరీ పేపరు, ఆ తర్వాత ఇంకా సన్న పేపరు, ఆఖరున గుడ్డతో పాలిషు. భోజనానికి కూడా వెళ్ళలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి రిమ్ములో నా మొహం కనిపించింది. ఇంక మా గోదావరి సైకిలు షాపుల్లో ఎవరైనా చేసే చివరి పని ఉంది కదా, అదీ చేశాను. నూనె గుడ్డ తీసుకుని రిమ్ము చుట్టూ ఒక్క పూత. మా నేల చెమ్మకు నూనె పడని రిమ్ము నెల్లాళ్ళలో తుప్పు పడుతుంది. నూనె పూత లేకుండా బండి ఇస్తే పని సగంలో వదిలేశాడంటారు.

ఇది చదివి సైకిలు తెలిసినవాళ్ళు తల పట్టుకుంటారని నాకు తెలుసు. కానీ ఇరవై రెండేళ్ళు నేను చూసింది పెద్ద నల్ల సైకిళ్ళు. వాటికి బ్రేకు రబ్బరు రిమ్ము పక్కలకు తగలదు. లోపల, స్పోకులవైపు అంచును పట్టుకుంటుంది. పక్కలకు ఎంత మెరుపు పెట్టినా, ఎంత నూనె రాసినా ఏ నష్టమూ లేదు. మాస్టారి బండికి రబ్బరు పట్టేది సరిగ్గా ఆ పక్కల్నే. చేత్తో బిగించినవాణ్ణి నేనే, కళ్ళ ముందే ఉంది, అయినా బుర్రకెక్కలేదు. అలవాటు అంత గుడ్డిది.

సాయంత్రం మాస్టారు వచ్చి బండి చూసి, చిన్నపిల్లాడిలా దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. నూనె చూసి మాత్రం, "అయ్యో, రిమ్ముకు నూనె వద్దండి," అంటూ జేబురుమాలు తీసి తుడిచేసి, పెట్రోలు గుడ్డ అడిగి మళ్ళీ తుడిచారు. నాకు కాస్త చిన్నబుచ్చినట్టయింది. బ్రేకు పట్టి బండిని ముందుకు తోశారు. కదల్లేదు.

"అరుపు పోయిందేంటండీ! కొత్త ఫ్రేమ్ గట్టిది కదా, అందుకయ్యుంటుంది," అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. పని కిటుకు బయటపెట్టడం నాకు అలవాటు లేదు. ఫ్రేమ్‌కు పోతే పోయింది ఆ పేరు, బాగుచేసింది నేనని నాకు తెలుసు కదా అనుకున్నాను. ఎంత పొగరు!

మర్నాడు ఆదివారం సాయంత్రం గౌతమి పాయ గట్టు దగ్గరికి నన్నూ రమ్మన్నారు. వరదకు గట్టు కొట్టుకుపోకుండా అక్కడ పెద్దపెద్ద బండరాళ్ళు పోసి ఉంటాయి. దాని కింద ఇసుక. మాస్టారు పంచె కట్టు మనిషిగా తెలిసిన నేను, ఆయన్ను మోకాళ్ళకు చిప్పలు కట్టుకుని, తలకు టోపీ బిగించుకుని చూసి గుర్తుపట్టలేకపోయాను.

ఎక్కారు. నించున్నారు. కదల్లేదు. రెండు చక్రాల బండి మీద కదలకుండా మనిషి నించోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక్క క్షణం కాదు, నేను జేబులోంచి చుట్ట తీసి వెలిగించుకునేంతసేపు. తర్వాత ఒళ్ళు కాస్త కిందికి దించి, బండిని తనతోపాటే పైకి లాగేసుకున్నారు. రెండు చక్రాలూ గాల్లో. మోకాలెత్తు రాయి మీద దిగారు. అక్కణ్ణుంచి పక్క రాయి. ముందు చక్రం గాల్లోనే ఉంచి వెనక చక్రం మీద టప్, టప్, టప్ మంటూ మూడు గెంతులు. దిగినప్పుడల్లా బ్రేకు పడుతుంది, చక్రం రాయికి అతుక్కుంటుంది, మళ్ళీ వదిలి గెంతడం. నేను చుట్ట కాల్చడం మర్చిపోయాను. ఈయనేనా పిల్లల్ని గట్టిగా కసరడం కూడా రాని మాస్టారు!

గెలలు దింపుకుని ఇంటికెళ్తున్న ఒకతను సైకిలు ఆపి, "ఆయ్, మాస్టారు కప్పలా గెంతేత్తన్నారండోయ్!" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కప్ప కాదురా, అది విద్య! నువ్వు ఉత్తి బండి మీద ఓసారి కదలకుండా నించో చూద్దాం," అన్నాను. వాడు నించోబోయి ఇసుకలో పడ్డాడు.

ఆ సాయంత్రం మాస్టారు చిన్న రాళ్ళతోనే ఆపేశారు. ఎండిన రాళ్ళు, ఎండిన రిమ్ము, తక్కువ ఎత్తు. బ్రేకు ఎలాగో నిలబడింది. నేను ఇంటికెళ్ళి మా ఆవిడకు అరగంటసేపు నించుని మరీ చూపించాను, ఆయన ఎలా గెంతారో.

ఆ వారమంతా మాస్టారు రోజూ పొద్దున్నే బడికి ముందు గట్టుకు వెళ్ళేవారని తెలుసుగానీ, నాకు తీరిక దొరకలేదు. తర్వాతి ఆదివారం పొద్దున వెళ్ళాను. మంచు అప్పుడే విడుతోంది. రాళ్ళన్నీ తడితడిగా ఉన్నాయి. ఆయన మోచేతికి కట్టు. గడ్డం కింద దోక్కుపోయిన గాయం. ఇసుకలో కూర్చుని ఉన్నారు. బండి పక్కన పడుంది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నడుమెత్తు రాయి ఒకటి ఉందండి. పాత బండి మీద కళ్ళు మూసుకుని ఎక్కేవాణ్ణి. వారం రోజులుగా దీని మీద ఎక్కలేకపోతున్నాను. పైకైతే వెళ్తున్నాను, వెనక చక్రం మీద నిలబడగానే బండి కిందనుంచి పారిపోతోంది."

"బండిలో ఏదైనా..."

"బండి బంగారమండి. బ్రేకు రోజూ తోసి చూసుకుంటున్నాను, పడుతోంది. మనిషే పాతబడ్డాడు. కొత్త ఫ్రేమ్‌తో బరువు ఆనించే చోటు మారుతుందని తెలుసు, రెండు రోజుల్లో అలవాటైపోతుందనుకున్నాను. అలవాటు కాకపోగా భయం పట్టుకుంది. ఎక్కేముందే పడతానని తెలిసిపోతోంది." లేచి బండి నిలబెడుతూ, "ఇంకోసారి ప్రయత్నిస్తాను. కాకపోతే ఇవాళే పూణేకి ఫోను చేసి రావట్లేదని చెప్పేస్తానండి. ఈ ఫ్రేమ్ కూడా వెనక్కి పంపేస్తాను. నా స్నేహితుడు దీన్ని తొక్కేవాడెవడికైనా ఇచ్చుకుంటాడు," అన్నారు.

ఆ మాట ఆయన మామూలుగానే అన్నారు. కానీ తన ఇంట్లోంచి తనే సామాను బయట పెట్టుకుంటున్నవాడిలా ఉంది ఆ మొహం.

ఆయన ఎక్కారు. ఈసారి నేను మనిషిని చూళ్ళేదు. వారం కిందట మనిషినే చూశాను కాబట్టి నాకేమీ తెలియలేదు. మెకానిక్కును కదా, ఈసారి చక్రాన్ని చూశాను. మాస్టారు రాయి మీదకు లేచారు. వెనక చక్రం రాయి అంచున ఆనింది. వేలు బ్రేకు మీద బిగిసింది. చక్రానికి గాలి కొట్టే వాల్వు ఉంటుంది కదా, అది సరిగ్గా కింద ఉంది. బ్రేకు పట్టి ఉన్నంతసేపూ అది అక్కణ్ణుంచి కదలకూడదు. కదిలింది. బెత్తెడు జరిగింది. బ్రేకు పట్టే ఉంది, రబ్బరు బిగిసే ఉంది, రిమ్ము మాత్రం చప్పుడు లేకుండా దాని మధ్యలోంచి జారిపోతోంది. మాస్టారు వెల్లకిలా ఇసుకలో పడ్డారు.

ఆ గీతలు ఎందుకున్నాయో నాకు ఒక్కసారిగా అర్థమైంది. అవి అరగడం వల్ల వచ్చినవి కాదు. రబ్బరు పట్టుకోవడానికి ఎవరో కావాలని కోసినవి. ఆ గరుకే దీని ప్రాణం. ఒక పూట అన్నం మానేసి దాన్ని తీసేసింది నేను.

ఇప్పుడు చెప్పే మాట రాయడానికి నాకు మనసు రావడం లేదుగానీ, రాయకపోతే ఇదంతా రాయడం దండగ. నాకు వచ్చిన మొదటి ఆలోచన నిజం చెప్పడం కాదు. "మాస్టారూ, చిన్న సెట్టింగు మిగిలిపోయిందండి. బండి ఒక్క రోజు నాకివ్వండి," అన్నాను. తీసుకెళ్ళి గుట్టుగా గీతలు కోసి, ఏదో సరిచేసినట్టు తెచ్చి ఇచ్చేద్దామని. నా పేరుకు మచ్చ రాదు, ఆయన పని అయిపోతుంది.

"వద్దండి. మీ పనిలో ఏ లోపమూ లేదు. మీ చేతుల మీద పడిన బండి ఇంతకన్నా బాగుండదు. నా మీద జాలితో అంటున్నారు మీరు," అని ఆయన టోపీ విప్పేశారు. "ఫోను బూతు తెరిచి ఉంటుందా ఈపాటికి?"

నేను ఆయన వెనకాలే ఇసుకలో నడిచాను. గట్టు సగం ఎక్కాం. బండిని భుజాన వేసుకుని, ఏదో బరువు దించుకున్నవాడిలా నెమ్మదిగా మాట్లాడుతున్నారాయన. పాపను ఇకనుంచి ఆదివారాలు ఎక్కడికైనా తీసుకెళ్తారట. "మా ఆవిడ కూడా సంతోషిస్తుందండి," అన్నారు. ఇంకో పది అడుగులేస్తే రోడ్డు.

"ఆగండి," అన్నాను. "తప్పు మీది కాదండి. ఫ్రేమ్‌దీ కాదు. నాది."

ఆయన అర్థం కానట్టు చూశారు.

"ఆ రిమ్ముల మీద గీతలుండేవి కదండీ. అరిగిపోయాయనుకుని నేను నునుపు చేసేశాను. బ్రేకు జారుతోంది. ఇందాక నా కళ్ళతో చూశాను. మీరు నిలబడుతున్నారు మాస్టారూ, బ్రేకే నిలబడట్లేదు."

బండి దించారు. వేలితో రిమ్ము మీద రాసి చూశారు. అటూ ఇటూ చుట్టూ రాశారు.

"నా స్నేహితుడు ఇనుము కోసే గ్రైండరుతో కోశాడండి ఈ గీతలు. నాలుగేళ్ళ కిందట. అవి ఎక్కడికి పోతాయని, నూనె తుడిచిన రోజు కూడా నేను అసలు చూసుకోలేదు." అప్పుడు తలెత్తి నావైపు చూశారు. ఆ మెత్తటి గొంతు అంత గట్టిగా లేస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. "వారం రోజులండీ! వారం రోజులుగా నాకు భయం అనుకుంటున్నాను! రాత్రి మా ఆవిడతో కూడా అదే చెప్పాను, నాలో ధైర్యం చచ్చిపోయిందని! ఎందుకున్నాయండీ ఈ గీతలు అని ఒక్క మాట అడగడానికి మీకు నోరు రాలేదా?"

"తెలుసనుకున్నానండి."

"ఏం తెలుసు?"

ఆయన బండి అక్కడే వదిలేసి నీళ్ళ దాకా దిగి, మోచెయ్యి కట్టు విప్పి కడుక్కుని, మొహం కడుక్కుని, చాలాసేపు అటు తిరిగి నించున్నారు. తిట్టి వెళ్ళిపోతే బాగుండుననిపించింది. చివరికి పైకి వచ్చి, "గ్రైండరు ఎక్కడ దొరుకుతుంది?" అన్నారు.

నా షాపుకు నాలుగు గుమ్మాల అవతల అబ్బులు అని కిటికీ గ్రిల్లులు చేసేవాడున్నాడు. ఆదివారమని పడుకున్నవాణ్ణి లేపి షట్టరు తీయించాను. మాస్టారు చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, గ్రైండరు నా చేతికిచ్చారు.

"మీరే పట్టుకోండి. చెడగొట్టింది మీరేగా."

"చేతులు వణుకుతున్నాయండి."

"నాకూ రాయి ఎక్కేముందు వణికాయండి వారం రోజులూ. కానివ్వండి."

ఆయన చక్రం నెమ్మదిగా తిప్పుతూ చెబుతుంటే నేను కోశాను. లోతు పోకూడదు, రేకు పలచబడుతుంది. ఆనీ ఆననట్టు తాకించి తీయాలి. గీతకూ గీతకూ మధ్య గోరంత సందు. ఇరవై రెండేళ్ళు రిమ్ము మీద గీత పడితే కస్టమరును కేకలేసినవాణ్ణి, నిప్పురవ్వలు మొహాన పడుతుంటే నా చేత్తో రిమ్ము మీద వందల గీతలు పెట్టాను. అబ్బులు నోరెళ్ళబెట్టి చూసి, "కొత్త రిమ్మును తగలేత్తన్నారేంటండీ?" అన్నాడు. "నోర్మూసుకో, నీకేం తెలుసు," అన్నాను. ఆ మాట అన్నాక నాకే సిగ్గేసి, ఎందుకు కోస్తున్నామో వాడికి కూర్చోబెట్టి చెప్పాను.

రబ్బర్లు ఎమరీతో రుద్ది, రిమ్ములు సబ్బునీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నమైంది. మాస్టారు బ్రేకు పట్టి తోశారు. చెవులు చిల్లులు పడేలా అరిచింది బండి. ఆయన మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు చూశాను.

ఇద్దరం తిరిగి గట్టుకు వెళ్ళాం. బ్రేకు బాగుపడిందిగానీ, మనసులో దూరిన భయం కూడా దాంతోపాటు పోతుందో లేదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నడుమెత్తు రాయి ముందు చాలాసేపు నించున్నారు. రెండుసార్లు ఎక్కబోయి ఆగిపోయారు. మూడోసారి లేచారు. వెనక చక్రం అంచున ఆనింది, బ్రేకు కీచుమంది, వాల్వు ఉన్నచోటే ఉండిపోయింది. మాస్టారు ఆ ఒక్క చక్రం మీద, ఆ అంచున నిలబడ్డారు. అలా నిలబడే తల తిప్పి నన్ను చూశారు. తర్వాత టప్‌మని రాయి నడినెత్తికి గెంతారు. నేను "మాస్టారూ!" అని అరిచి, ఏం చేయాలో తెలియక నా తువ్వాలు గోదాట్లోకి విసిరేశాను.

ఆయన మరో నాలుగుసార్లు ఎక్కి దిగి, చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చారు.

"సూరిబాబు గారూ, తప్పు చేసిన పిల్లాడికి నేను ఏదో ఒక శిక్ష వేయకుండా వదలనండి."

"వేయండి మాస్టారూ."

"అలా ఇసుకలో వెల్లకిలా పడుకోండి. చేతులు ఒంటికి ఆనించుకోండి. ఏం జరిగినా కదలకండి."

పడుకున్నాను. ముందు చక్రం నా మీదుగా దాటి అవతల దిగింది. వెనక చక్రం లేచి, నా పక్కటెముకల పక్కన, జానెడు దూరంలో దిగి, బ్రేకు పడి ఆగిపోయింది. మాస్టారి బరువంతా దాని మీదే ఉంది. నేను కోసిన గీతలు నా మొహానికి ఎదురుగా ఉన్నాయి. అవి గనక జారితే నా ఎముకలు మిగలవు. ఎన్ని వేల బ్రేకులు బిగించి ఉంటాను నేను, గట్టు దిగే గెలల సైకిళ్ళకు, కాలవ వంతెన దిగే ఆడపిల్లల సైకిళ్ళకు! ఒక్కసారి కూడా నేను చేసిన బ్రేకు ముందు ఇలా పడుకోవలసి రాలేదు. ఆయన అవతలికి గెంతేశాక కూడా లేవలేకపోయాను. మాస్టారే చెయ్యిచ్చి లేపారు.

పూణేలో ఆయనకు బహుమతి రాలేదు. నలుగురి ముందు తొక్కి, చివరి రాయి దాకా వెళ్ళి, తిరిగొచ్చి స్టాఫ్ రూములో ఆ సంగతే చెప్పారట. తర్వాత రెండేళ్ళకు వేరే ఊరి బడికి మారేదాకా ఆ బండి పని నేనే చూశాను.

నా పనిలో ఆ తర్వాత మారింది ఒక్కటే. నా చేతికొచ్చిన వస్తువు మీద ఏదైనా నాకు తప్పుగా కనిపిస్తే, పనిముట్టు పక్కన పెట్టి, "ఇది ఇలా ఎందుకుందండీ?" అని అడుగుతాను. పది మందిలో తొమ్మిది మంది "పాడైందండి, బాగుచేయండి" అనే అంటారు. ఆ పదో మనిషి కోసం అందర్నీ అడుగుతాను.

అయితే నన్ను ఇన్నేళ్ళుగా గుచ్చేది రిమ్ము నునుపు చేయడం కాదు. తెలియక చేశాను, తెలిశాక దిద్దాను. ఆ ఇసుకలోంచి గట్టు పైకి నడిచిన దూరం ఉంది చూశారూ, అది. తనలో ధైర్యం చచ్చిపోయిందనుకుంటూ ఒక మనిషి నా ముందు నడుస్తున్నాడు, కాదని నాకు తెలుసు, అయినా నా పేరు కాపాడుకోవడానికి అన్ని అడుగులు నోరు మూసుకుని నడిచాను. "ఒక్క రోజు బండి ఇవ్వండి" అని ఎందుకడిగానో మాస్టారికి ఇవాళ్టిదాకా చెప్పలేదు. జాలితో అడిగాననే ఆయన అనుకుంటూ ఉండి ఉంటారు. జాలి కాదు మాస్టారూ. ఇది చదివి మళ్ళీ ఇసుకలో పడుకోమంటే, వచ్చి పడుకుంటాను.